ఎడమవైపు కంచె

శాన్ తెల్మోలో ఎవారిస్టో మైరేనాని అసలు పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. ఊరంతటికీ అతను సమ్మెట. పద్దెనిమిదేళ్లు ఆ ఊరి బేస్‌బాల్ జట్టుకి ఆడాడు. ఎడమవైపు కంచె మీదుగా బంతిని అవతల పడేయడమే అతని పని, అతని పేరు, అతని తిండీ. అరవై దాటాక కూడా సంతలో కనిపిస్తే పళ్లమ్మే ఆడవాళ్లు "సమ్మెటా, ఒకటి దంచిపోవయ్యా!" అని కేకలేసేవాళ్లు. అతను మామిడిపండు ఒకటి అందుకుని, బ్యాట్ తిప్పినట్టు నడుం తిప్పి, నవ్వుకుంటూ వెళ్లిపోయేవాడు.

తన బలం గురించి అతనికున్న గర్వం మామూలుది కాదు. అలా కంచె దాటించి హోమ్ రన్లు కొట్టినవాళ్లు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. కానీ వాళ్లందరి బలమూ పాతికేళ్లకి పొంగి, ముప్పై దాటాక చల్లారింది. సమ్మెట సంగతి అలా కాదు. ఇరవై అయిదో ఏట ఎన్ని కొట్టాడో ముప్పై ఎనిమిదో ఏట కూడా దాదాపు అన్నే కొట్టాడు. రేడియోలో ఆట చెప్పే పొంపీలియో ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. "ఈ మనిషి ఎముకల్లో ఏముందో దేవుడికే తెలియాలి!" అని గొంతు చించుకునేవాడు. ఎవారిస్టోకి మాత్రం ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించేది కాదు. "బలం అందరికీ వస్తుంది, పోతుంది. నాకు వచ్చింది, పోలేదు. అంతే" అనేవాడు.

ఒక శనివారం మంగలి ట్రాన్సిటో కొట్లో ఈ చర్చే వచ్చింది. పక్క ఊరి నుంచి పశువుల బేరానికి వచ్చిన ఒకాయన గడ్డానికి సబ్బు రాయించుకుంటూ పుల్ల పెట్టాడు.

"మొత్తం ఎన్ని కొట్టాడన్నది కాదయ్యా లెక్క. ఎక్కడ కొట్టాడో చూడాలి. ఈయన మా ఊరొచ్చి కంచె దాటిస్తే చూద్దామని మా నాయన కూర్చుని కూర్చుని ముసలాడైపోయాడు."

"మీ ఊళ్లో ఎట్లా కొట్టమంటావు?" అన్నాడు ఎవారిస్టో. "మీ నీళ్లు తాగితే ఎద్దుక్కూడా విరేచనాలే. బ్యాట్ పట్టుకోమంటావా, ప్యాంటు పట్టుకోమంటావా?"

కొట్టంతా ఘొల్లుమంది. పశువుల ఆయనా నవ్వాడు. ఆ ప్రశ్న సబ్బు నురగతో పాటే కొట్టుకుపోయింది. నిజానికి ఆ ప్రశ్న ఎవారిస్టోకి కొత్త కాదు. ముప్పై దాటిన దగ్గర్నుంచీ పరాయి మైదానాల్లో అతని బంతులు కంచె ముందే గాల్లో చల్లబడి ఫీల్డర్ల చేతుల్లో పడేవి. దానికి అతని దగ్గర ఎప్పుడూ ఏదో ఒక జవాబుండేది: బస్సు కుదుపులు, నల్లులున్న మంచాలు, ఎదురుగాలి. సొంత ఊరికొస్తే బంతి మళ్లీ ఎగిరేది. అలాంటి ఆదివారాలు దారిపొడుగునా పాడుకుంటూ, పిల్లలకి మిఠాయి పట్టుకుని ఇల్లు చేరేవాడు. కొట్టలేని ఆదివారాల సంగతి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. తనలో తను కూడా తల్చుకునేవాడు కాదు.

అతని జట్టులోనే బయార్దో సెకేరా అని బంతి విసిరే పిచ్చర్ ఒకడు ఉండేవాడు. బయార్దో కొడుక్కి జ్ఞానస్నానం చేయించినప్పుడు ఎవారిస్టోనే జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకరినొకరు కొంపాద్రే అని పిలుచుకునేవాళ్లు. బయార్దో విసురులో ఉన్నది వేగం కాదు, తెలివి. బ్యాట్స్‌మన్ ఎత్తుగా కొట్టేలా ఊరించేవాడు. బంతి కంచె దాకా పోయి ఫీల్డర్ చేతిలో పడేది. కొన్నేళ్లు అలా అందర్నీ ఏడిపించాడు. ఆ తర్వాత ఏమైందో ఏమో, అవే బంతులు కంచె అవతల పడటం మొదలెట్టాయి. బయార్దో పట్టు మార్చాడు, అడుగు మార్చాడు, చేతికి నాటువైద్యుడి దగ్గర తైలం పట్టించాడు. లాభం లేకపోయింది. సొంత ఊరి జనమే ఈలలేసి, నారింజ తొక్కలు విసిరారు. మూడో ఏడు క్లబ్బు వాళ్లు వద్దన్నారు. పొట్ట చేతపట్టుకుని కోస్తారికా వెళ్లి, కట్టే భవనాల దగ్గర కాపలా ఉండి, బస్తాలు మోసి, నడుం పాడు చేసుకుని తిరిగొచ్చాడు. ఇప్పుడు బస్సుల అడ్డా దగ్గర తోపుడుబండి మీద మంచు తురిమి, రంగు పాకం పోసి అమ్ముతాడు.

బయార్దో కొడుకు పెళ్లిలో ఎవారిస్టో గ్లాసు పైకెత్తి నిలబడి, "మా కొంపాద్రే విసిరిన బంతుల్ని మా అత్తగారైతే చీపురుతో కంచె దాటించేది!" అన్నాడు. పందిరంతా నవ్వింది. బయార్దో కూడా నవ్వాడు. పెళ్లికొడుకు మాత్రం నవ్వలేదు.

ఇదంతా జరిగిన చాలా ఏళ్లకి, మునిసిపాలిటీ ఆ మైదానానికి ఎవారిస్టో మైరేనా పేరు పెట్టాలని తీర్మానించింది. పాత చెక్క కంచె తీసేసి సిమెంటు గోడ కట్టాలని, గోడ మీద అతను కొట్టిన హోమ్ రన్ల సంఖ్య ఇత్తడి అక్షరాల్లో బిగించాలని నిర్ణయించారు. వానలు వెనకపట్టాక పని మొదలైంది. నీ బంతులు ఎక్కడెక్కడ పడేవో వచ్చి చూపించమని మేయర్ కబురు పెడితే, ఎవారిస్టో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాడు.

ఆ మైదానాన్ని చూసుకునేది అతని బావమరిది ఫనోర్ పికాడో. భార్య దోరాకి తమ్ముడు. వడ్రంగం వచ్చు, గడ్డి కోస్తాడు, గీతలు గీస్తాడు, కంచె బాగుచేస్తాడు. అడిగితే తప్ప నోట్లోంచి మాట రాని మనిషి. ఎడమవైపు కంచె వెనక ఖాళీలో కూరరటి వేసుకున్నాడు. క్లబ్బు నేల కాజేస్తున్నాడని ఊళ్లో వేళాకోళం చేసేవాళ్లు. ఏటా తోట ఇంకో వరస ముందుకొస్తున్నా ఎవరికీ పట్టలేదు. ఎవారిస్టో అయితే ఆ బావమరిదిని మనిషిగా కూడా లెక్కపెట్టేవాడు కాదు. "మా ఇంటావిడ తమ్ముడు, గడ్డి కోసుకుంటాడు" అని పరిచయం చేసేవాడు.

పని చేయించే ఇంజనీరు ఇవానియా అనే పడుచు. రాజధానిలో చదువుకుని వచ్చింది. కంచె పీకించి, అరటిచెట్లు కొట్టించి, యంత్రంతో గోడకి పునాది తవ్విస్తోంది. ఎవారిస్టో వెళ్లేసరికి యంత్రం ఆగి ఉంది. నేలలో ఏదో తగిలిందట.

"దోన్ ఎవారిస్టో, మీరు పాతవాళ్లు కదా, ఈ మొద్దులేంటో చెప్పండి" అంది ఇవానియా, పెద్దవాళ్లని దోన్ అని పిలిచే మర్యాదతో.

నేల మట్టానికి రంపంతో కోసేసిన కంచె గుంజల మొదళ్లు. సగం చీకిపోయి, మట్టిరంగులోకి తిరిగి, వరసగా ఉన్నాయి. ఆ వరస వెనక కొన్ని అడుగుల దూరంలో ఇంకో వరస. దాని వెనక ఇంకోటి. అరటి దుంపల మధ్య దాకా అలా పోతూనే ఉన్నాయి.

"పాత కంచెలమ్మా. గుంజలు చెదలు పట్టి పోతుంటాయి. కొత్తవి పాతుతుంటారు" అన్నాడు ఎవారిస్టో.

"ఉన్నచోట పాతకుండా ముందుకొచ్చి పాతారే!" అంటూ ఆ పిల్ల టేపు తెప్పించింది. బ్యాట్స్‌మన్ నిలబడే చోటు నుంచి మనిషి లాక్కుంటూ వచ్చాడు. మూడువందల ముప్పై అడుగులు అందరికంటే వెనకున్న వరస దగ్గర, అరటితోట నడుమ తేలింది. నిన్నటి దాకా కంచె నిలబడిన చోటు రెండువందల ఎనభై కూడా లేదు.

"బోర్డు మీద మాత్రం మూడువందల ముప్పై అనే ఉంది కదా?" అంది, పీకి పక్కన పడేసిన రేకు వైపు చూస్తూ.

ఆ రేకు కంచెతో పాటే నడిచొచ్చిందని అక్కడున్న అందరికీ ఒకేసారి అర్థమైంది. మేస్త్రీ పగలబడి నవ్వాడు. "ఇంకో నాలుగేళ్లు ఆడుంటే కంచె పోయి పిచ్చర్ వీపుకి తగిలేది!" అన్నాడు. అని, ఎవారిస్టో ముఖం చూసి నాలిక కరుచుకున్నాడు.

ఎవారిస్టో ఆ మొద్దుల మధ్య నడిచాడు. ఒక్కో వరస దగ్గరా ఆగాడు. ఏ వరస ఏ వయసుదో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. భుజం పట్టేసిన ఏడు. కళ్లు మసకబారాయని అనుమానం వచ్చిన ఏడు. పరిగెత్తలేక మొదటి బేస్ దగ్గరే ఆగిపోయిన ఏడు. ఆ ఏళ్లన్నిటిలోనూ జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఫనోర్ ఒక పక్కగా కూర్చుని, కొట్టేసిన చెట్ల నుంచి గెలలు వేరు చేసుకుంటున్నాడు. బావ వస్తున్నాడని తెలిసీ తలెత్తలేదు.

"ఒరేయ్ ఫనోర్, ఎవడు చేయమన్నాడురా నిన్ను ఈ పని? క్లబ్బు వాళ్లా?"

"వాళ్లకేం తెలుసు బావా. టికెట్లు తెగాయా లేదా, అదే వాళ్లకి."

"మరి నీకేం పుట్టింది? నామీద జాలా? నేను అడిగానా నిన్ను?"

ఫనోర్ కత్తి నేల మీద పెట్టాడు. ఇన్నేళ్లలో అతను బావ కళ్లలోకి సూటిగా చూడటం అదే మొదలు.

"నీమీద నాకు జాలా?" అన్నాడు. "ఇంటికి పోయి అక్కని అడుగు."

దోరా పెరట్లో పొయ్యి దగ్గర మొక్కజొన్న ముద్దని అరచేతుల మధ్య తట్టుతోంది. ఎవారిస్టో గుమ్మంలోంచే అరవడం మొదలెట్టాడు. తమ్ముడు తన పరువు తీశాడన్నాడు. ఊళ్లో తలెత్తుకోలేనన్నాడు. ఆమె చేతిలో రొట్టె పెనం మీద వేసి, తిప్పి, తీసి, గుడ్డలో చుట్టింది. అప్పుడు మాట్లాడింది.

"వాడు చేయలేదు. నేను చేయించాను."

"నువ్వా? నీకు బేస్‌బాల్ సంగతి ఏం తెలుసు?"

"బేస్‌బాల్ తెలీదు. నువ్వు తెలుసు. నీ బలం తగ్గుతోందని నీకంటే ముందు నాకు తెలిసింది ఎవారిస్టో. అక్కడ కొట్టలేనిది ఇక్కడికొచ్చి కొట్టేవాడివి."

అతను ఏదో అనబోయాడు.

"ఉండు, చెప్పనీ. రేడియో పక్కన కూర్చుని వినేదాన్ని. మొగుడి ఆటంటే ఈమెకి ఎంత ప్రాణమో అని పక్కింటివాళ్లు ముచ్చటపడేవాళ్లు. పొంపీలియో 'కంచె దాటింది!' అని అరిస్తే ఆ పూటకి పిల్లల్ని ఎవరింటికీ పంపక్కర్లేదని ఊపిరి పీల్చుకునేదాన్ని. అరవకపోతే చీకటి పడకముందే వాళ్లకి అన్నం పెట్టి పంపేసేదాన్ని. నీ భుజం పట్టేసిన ఏడు నాకు ఈ పన్ను ఊడింది. మెట్ల మీంచి పడ్డానని చెప్పాను. మనింటికి మెట్లు లేవు. ఎవరూ అడగలేదు. ఫనోర్ ఒక్కడే, ఏం చేయమంటావక్కా అన్నాడు. వాడు నిన్ను నరుకుతానన్నాడు. వద్దు, కంచె కొంచెం ఇవతలికి పాతమన్నాను."

పెనం మీద ఇంకో రొట్టె మాడుతోంది. ఆమె దాన్ని తీయలేదు.

"ఎప్పటి మాటలో ఇవి" అన్నాడు ఎవారిస్టో. "మానేశాను కదా. ఎన్నేళ్లయింది నీమీద చెయ్యెత్తి?"

"నువ్వు మానలేదు. మోకాళ్లు పోయి, నా వెనక రాలేక ఆగిపోయావు."

అతనికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ కోపం చేతిదాకా రాలేదు. ఆ చేతిని చూసుకోవడం ఇష్టంలేక జేబులో పెట్టుకున్నాడు. ఎన్నో ఆదివారాలు, తను మరిచిపోయానని అనుకున్నవి, వరసగా కళ్లముందుకొచ్చాయి. పెద్ద కూతురు గిన్నె పట్టుకుని గోడవార నక్కి నక్కి వీధిలోకి పోవడం కూడా కనిపించింది.

కాసేపటికి "మరి బయార్దో?" అని అడిగాడు.

దోరా గొంతు అప్పుడు తగ్గింది. "అది నా పాపం. కంచె దగ్గరికొస్తే అందరికీ దగ్గరవుతుందని, ఆయన నోటిదగ్గర కూడు పోతుందని నాకు తట్టలేదు. తట్టాక కూడా వెనక్కి పెట్టమని చెప్పలేదు. ఆయన కోస్తారికా బస్సెక్కిన రోజున వాళ్లావిడ ఎదురొస్తుంటే సందులోకి తప్పుకున్నాను. పెళ్లిలో నువ్వు ఆ మాటన్నప్పుడు భూమిలోకి పోదామనిపించింది. నువ్వేమో నవ్వుతున్నావు."

మర్నాడు పొద్దున్నే ఎవారిస్టో బస్సుల అడ్డాకి వెళ్లాడు. బయార్దో మంచుదిమ్మ మీద గోనెసంచి తీస్తున్నాడు. కంచె సంగతి అప్పటికే ఊరంతా పాకింది గానీ, ఇంకా అది నవ్వులాట దగ్గరే ఉంది. అందులో బయార్దో బతుకు ఉందని ఎవరికీ తోచలేదు. అతనికి మాత్రం తోచినట్టు ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"కొంపాద్రే, నీ చేతిలో లోపం లేదు. కంచె ఇవతలికొచ్చింది. నా మూలంగా" అన్నాడు ఎవారిస్టో.

బయార్దో మంచు తురుముతూనే ఉన్నాడు. అడిగినవాళ్లు ఎవరూ లేరు. ఊరికే తురుముతున్నాడు.

"పట్టు మార్చాను" అన్నాడు. "నిద్రలో కూడా వేళ్లు ఇలా పెట్టుకుని పడుకునేవాణ్ణి. మా నాన్న చచ్చిపోతూ, నీకు గుండెధైర్యం లేదురా, అందుకే కొట్టించుకున్నావు అన్నాడు. అవునేమో అనుకున్నాను. ఇప్పటిదాకా అనుకుంటూనే ఉన్నాను."

"నాకు తెలీదు కొంపాద్రే. మా అమ్మ మీద ఒట్టు."

"తెలీదులే. నీకు తెలియాల్సిన అవసరం ఏముంది? బంతి ఎగురుతోంది కదా." తురిమే పనిముట్టు పక్కన పెట్టాడు. "ఎందుకు జరిపారంట?"

ఎవారిస్టో నోరు తెరిచాడు. భార్య చెప్పినదంతా గొంతుదాకా వచ్చింది. "మా బావమరిది... నామీద అభిమానంతో" అన్నాడు.

బయార్దో అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. శాన్ తెల్మో చిన్న ఊరు. గోడలు పల్చన. ఏ ఆదివారం ఎవరి పిల్లలు ఎవరింట్లో పడుకునేవాళ్లో పెద్ద రహస్యమేమీ కాదు. మైరేనా పిల్లలు చాలాసార్లు బయార్దో ఇంట్లోనే పడుకున్నారు.

"పో ఎవారిస్టో" అన్నాడు. కొంపాద్రే అనలేదు. "బేరాల వేళ."

అక్కణ్ణించి ఎవారిస్టో మేయరు దగ్గరికి వెళ్లాడు. పేరు పెట్టొద్దన్నాడు. ఆ అంకె తప్పు, గోడ మీద వేయొద్దన్నాడు. మేయరు కుర్చీ వేసి, కాఫీ తెప్పించి, భుజం తట్టాడు.

"కార్డులు అచ్చయిపోయాయి దోన్ ఎవారిస్టో. పెద్దవాళ్లు వస్తున్నారు. కంచె దగ్గరైతే ఏం, వచ్చిన జట్లకి కూడా అదే కంచె కదా? వాళ్లెవరైనా మీలా కొట్టారా? ఆ గుంతలు పూడ్పించేశాం. మర్చిపోండి."

ఎవారిస్టో కాఫీ తాగాడు. అసలు కారణం ఒక్కటి చెప్పి ఉంటే మేయరు ఆ కార్డులన్నీ చించేసేవాడేమో. చెప్పలేదు. తన బలం అబద్ధమని ఊరందరి ముందూ ఒప్పుకోవడానికి అతను సిద్ధపడే వచ్చాడు. ఆ బలం ఇంట్లో ఎలా ఖర్చయిందో ఒక్క మనిషి ముందు కూడా ఒప్పుకోలేకపోయాడు.

ఆ వారంలోనే దోరా బట్టలు సర్దుకుని తమ్ముడింటికి వెళ్లిపోయింది. గొడవేమీ జరగలేదు. "ఇన్నాళ్లూ లోపల పెట్టుకుని ఉండగలిగాను. చెప్పేశాక ఉండబుద్ధి కావట్లేదు" అంది. బీన్స్ నానబోశానని, ఉప్పు ఎక్కడుందో చెప్పి, వెళ్లిపోయింది.

పేరు పెట్టే రోజున అతను మైదానానికి వెళ్లలేదు. మైకులు మాత్రం ఊరంతా వినిపించాయి. ముసలి పొంపీలియోని స్టేజీ ఎక్కించారు. వణికే గొంతుతోనే ఆయన మళ్లీ అదే మాట అన్నాడు: వయసుతో తరగని బలం, శాన్ తెల్మో గర్వం. ఆ తర్వాత మేయరు, దోన్ ఎవారిస్టో పొగడ్తలు పడని మనిషి కాబట్టే ఇంట్లో ఉండిపోయాడని, పిల్లలు ఆ వినయాన్ని చూసి నేర్చుకోవాలని చెప్పాడు. చప్పట్లు ఆగకుండా మోగాయి.

ఆ చప్పట్లు వినలేక ఎవారిస్టో ఫనోర్ ఇంటికి నడిచాడు. దోరా వాకిట్లో కూర్చుని చిక్కుడు కాయలు ఒలుస్తోంది. ఫనోర్ గుమ్మంలోకి వచ్చి, చూసి, అక్కడే నిలబడ్డాడు.

"వెళ్లలేదా?" అంది దోరా.

"లేదు."

"వెళ్లాల్సింది. నీకు చప్పట్లంటే ఇష్టం కదా."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. అందుకే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

"ఇంటికి రా దోరా. బయార్దోకి చెప్పాను. మేయరుకీ చెప్పాను, వద్దని."

"ఏం చెప్పావు?"

"కంచె సంగతి."

"నా సంగతి?"

అతను నేలచూపులు చూశాడు. ఆమె ఒళ్లో చిక్కుళ్లు గిన్నెలో పోసుకుని లేచింది. "రాను" అని లోపలికి వెళ్లింది. ఫనోర్ తలుపు వేశాడు. విసురుగా వేయలేదు, మామూలుగానే వేశాడు.

తిరిగొచ్చే దారిలో సభ ముగించుకుని వస్తున్న జనం ఎదురయ్యారు. "అదుగో సమ్మెట!" అని ఒకడు కేకేశాడు. అందరూ చుట్టూ మూగారు. ఎవడో తాగినవాడు అతని కుడిచెయ్యి పట్టుకుని, చొక్కా మోచేతి పైకి జరిపి, "ముట్టుకుని చూడండి, ఈ వయసులో కూడా ఇనుమే!" అని అరిచాడు. ఆడవాళ్లు, మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆ చెయ్యి నొక్కి చూసి, ఆశ్చర్యపోయి, పక్కకి తప్పుకున్నారు. ఎవారిస్టో చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చివరి మనిషి కూడా చూసి వెళ్లేదాకా అలాగే చాపి నిలబడ్డాడు.